ఫైరింజను ఎరుపు

బండిని షెడ్డులోకి తోయించి, చక్రాల కింద రాళ్ళు పెట్టించి, పెయింటరు దాని చుట్టూ తీరిగ్గా ఓ చుట్టు తిరిగాడు. బానెట్ మీద గోటితో గీకాడు. ఎండకి బీటలు వారిన ఎరుపు పెచ్చులా లేచొచ్చింది. దాన్ని వేళ్ళమధ్య నలిపి ఊదేసి, "అయితే బావా, ఏ రంగు వేద్దామంటావ్?" అన్నాడు.

స్టీరింగన్న అతనికేసి మతిపోయినవాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఏ రంగేంట్రా? ఫైరింజనుకి ఎవడైనా ఏ రంగు వేస్తాడు?"

"ఇప్పుడిది ఫైరింజను కాదు కద బావా."

అనేశాక పెయింటరు నాలిక్కరుచుకున్నాడు. ఆ మాట ఆయన ముందు ఎత్తొద్దని అక్క ముందే చెప్పి పంపింది. కానీ నోరు జారింది. స్టీరింగన్న జేబులోంచి రుమాలు తీసి, బండికున్న గుండ్రటి పెద్ద లైట్లని ఒకదాని తర్వాత ఒకటి తుడవడం మొదలుపెట్టాడు. కోపం వస్తే ఆయన తుడుస్తాడు. ఇంట్లో అయితే అద్దాలూ, గ్లాసులూ, టీవీ, ఏది చేతికి దొరికితే అది.

ఆయన అసలు పేరు చాలామందికి తెలియదు. అగ్నిమాపక కేంద్రంలో డ్రైవరుగా చేరిన కొత్తలో, భోజనానికి కూర్చుంటే కంచాన్ని కూడా రెండు చేతులతో స్టీరింగు పట్టుకున్నట్టే పట్టుకుంటున్నాడని ఎవరో వేళాకోళమాడారు. ఆ పేరు అంటుకుపోయింది. తర్వాత చేరిన కుర్రాళ్ళు దానికి మర్యాదగా ఒక అన్నని తగిలించారు. పెళ్ళయి వచ్చిన భార్య మాత్రం మొదటి వారంలోనే, "మీ పేరేదో స్పేరుపార్టు పేరులా ఉందండీ" అని నవ్విందట.

సర్వీసంతా ఆయన నడిపింది ఈ గుండ్రటి ముక్కు బండినే. మధ్యలో కొత్తవి వచ్చాయి, పోయాయి. ఆయన దీన్ని వదల్లేదు. చలికాలం పొద్దున్నే స్టార్టవనని మొండికేస్తే, పక్కన నిలబడి బతిమాలేవాడు. ఆయన బతిమాలితే స్టార్టయ్యేదని స్టేషన్లో అందరూ ఒప్పుకునేవాళ్ళు. కొత్తగా చేరిన డ్రైవర్లకి ఆయన చెప్పే మొదటి పాఠం గేర్ల గురించి కాదు, రంగు గురించి.

"నీళ్ళకంటే ముందు రంగు చేరుతుందిరా అక్కడికి. మంటల్లో ఉన్నవాడికి మన ఎరుపు కనబడిందనుకో, సగం ప్రాణం లేచొస్తుంది. అరుపులు మానేసి కుదురుగా నిలబడతాడు. కుదురుగా నిలబడ్డవాణ్ణే మనం దించగలం."

ఇది ఆయన ఊరికే అనుకున్న మాట కాదు. ఒకసారి మేడ అంచున నిలబడి, పిల్లని చంకనేసుకుని దూకబోతున్న ఒక తల్లి, వీధి మలుపులో ఈ బండి ముక్కు కనబడగానే కాలు వెనక్కి తీసుకుంది. నిచ్చెన వేసి ఇద్దర్నీ దించారు. ఆమె కింద నేల మీద కూర్చుని వణుకుతూ బండి చక్రాన్ని పట్టుకుని వదల్లేదు.

ఆయన రిటైరయ్యాక బండి కూడా రిటైరయింది. స్టేషను వెనక గోడవార పిచ్చిమొక్కల మధ్య ఎన్నో వానలకి తడిసింది. వేలం వేస్తున్నారని తెలిసి, భార్యకి మాటమాత్రం చెప్పకుండా వెళ్ళి పాడుకున్నాడు. ఇచ్చేముందు వాళ్ళు నియమం ప్రకారం నీళ్ళ పంపు విప్పేశారు. ట్యాంకు దించేశారు. గొట్టాలు, సైరను, నెత్తిమీది దీపం, పైనుండే నిచ్చెన అన్నీ తీసేసుకున్నారు. మిగిలింది ఇంజనూ, చక్రాలూ, ఒంటిమీద ఎరుపూ.

బండి ఇంటి ముందు ఆగేసరికి భార్య గుమ్మంలోకి వచ్చి నడుమ్మీద చేతులు పెట్టుకుంది.

"బాగుంది. దీన్ని లోపల పెట్టేసి నన్ను బయట నిలబెడతారా?"

నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. ఎదురింటి కోడలు తలస్నానం చేసి జుట్టు ఆరబెట్టుకుంటూ కిటికీలోంచి ఎర్రబండిని చూసింది. చూడ్డమే తడవు, లోపల పడుకోబెట్టిన చంటిపిల్లని ఎత్తుకుని, పొయ్యి మీద పాలు అలాగే వదిలేసి, చెప్పుల్లేకుండా వీధిలోకి పరిగెత్తుకొచ్చింది. "ఎక్కడ? ఎక్కడంటుకుంది?" అని అందరి ముఖాలూ చూస్తోంది. ఏమీ లేదని తెలిశాక ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆమె ఇంట్లో పాలు పొంగి, పొయ్యి ఆరి, గ్యాసు వాసన వస్తుంటే స్టీరింగన్న భార్యే పరిగెత్తి వెళ్ళి కట్టేసింది.

తిరిగొచ్చి, బండిని తాకకుండా దూరంగా నిలబడి, "ఏమండీ, దీనికి ఇంకేదైనా రంగు వేయించండి" అంది. "నాకేదో మనసు కీడు శంకిస్తోంది."

"నీ మనసు చీపురు కింద పడ్డా కీడే శంకిస్తుంది" అన్నాడాయన.

అప్పటినుంచీ ఆ రంగు గొడవ ఇంట్లో ఎవరో వచ్చి కూర్చున్నట్టు కూర్చుంది. పెయింటరు బావమరిది లేత నీలం బాగుంటుందన్నాడు. భార్య మీగడ రంగయితే కంటికి చల్లగా ఉంటుందంది. పాత బండ్ల సంఘం కార్యదర్శి మాత్రం, ఫొటోలు తీసుకోవడానికి వచ్చినవాడు, ఆ మాటలు విని చెవులు మూసుకున్నంత పని చేశాడు.

"పెద్దాయనా, మీ కాళ్ళకి దణ్ణం పెడతాను, ఆ పాపం చెయ్యకండి. పుట్టినప్పటి రంగు పోయిందంటే పాత బండికి ప్రాణం పోయినట్టే. దీనిమీద నీలం వేశారనుకోండి, అది ఐస్‌క్రీం బండి."

స్టీరింగన్నకి కావలసిన మాట అదే. దాన్ని పట్టుకుని నాలుగు రోజులు ఇంటిల్లిపాదినీ సాధించాడు.

తర్వాత స్టేషన్ ఆఫీసరు వచ్చాడు. ఒకప్పుడు స్టీరింగన్న పక్కసీట్లో కూర్చుని పనిచేసిన మనిషే. ఎదిగి ఆఫీసరయినా ఆయన దగ్గర అన్నా అనే పిలుపు మానలేదు. టీ తాగినంతసేపూ వాతావరణం గురించి, మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి, గ్లాసు కింద పెట్టాక అసలు సంగతి తీశాడు.

"అన్నా, ఆ రంగు మార్చెయ్యన్నా. బండి మీది అక్షరాలు చెరిపితే చాలని నియమంలో ఉంది, నిజమే. కానీ నేను నీ తమ్ముడిలాంటివాణ్ణి కాబట్టి అడుగుతున్నా."

"ఎందుకు మార్చాలి?"

"జనం లోపలేముందో చూడరన్నా. రంగే చూస్తారు."

"నేను చెప్పేదీ అదే కదరా!" అన్నాడు స్టీరింగన్న, గెలిచినవాడిలా.

ఆఫీసరు తల వంచుకున్నాడు. "నీకు ఎట్లా చెప్పాలో తెలీడం లేదన్నా. ఆ ఎరుపు కనబడగానే జనం చేతుల్లో పని వదిలేస్తారు. వదిలెయ్యాలి కూడా, మనమే అలవాటు చేశాం. కానీ వెనక నీళ్ళుండాలి కదా."

ఆ మాట స్టీరింగన్నకి ఎక్కడో తగిలింది. అందుకే ఒక మెట్టు దిగాడు. బయటికి తీసినప్పుడల్లా బండి మీద టార్పాలిన్ కప్పుతాననీ, రెండు పక్కలా 'ఇది ఫైరింజను కాదు' అని పెద్ద అక్షరాలతో రాయిస్తాననీ మాటిచ్చాడు. ఆఫీసరు వెళ్ళేటప్పుడు గేటు దగ్గర ఆగి బండిని వెనక్కి తిరిగి చూశాడు. భార్య కిటికీలోంచి అది గమనించింది.

అలా బండి పెయింటరు షెడ్డు చేరింది. పాత రంగు గీకుతుంటే పొర మీద పొర బయటపడింది. ఒక్కో పొరా ఒక్కో ఆఫీసరు హయాంలోది. ఒకటి నారింజకి దగ్గర, ఒకటి ఇటుక రంగు. అన్నిటికన్నా అడుగున, డాష్‌బోర్డులో కాగితాలు పెట్టుకునే అర తలుపు లోపలివైపు ఎండ సోకని చోట, కంపెనీలో వేసిన మొదటి ఎరుపు చెక్కుచెదరకుండా ఉంది. చిక్కగా, తడిగా ఉన్నట్టు మెరుస్తోంది. స్టీరింగన్న దాన్ని చూసి పసివాడిలా చప్పట్లు కొట్టాడు.

"ఇదేరా! నేను మొదటిసారి ఎక్కిన రోజు ఇదే రంగు!"

పెయింటరు ఆ తలుపుని వెలుతురులోకి పట్టుకుని, ఆ ఎరుపు కలపడానికి చాలా అవస్థ పడ్డాడు. కలిపి, రేకు మీద కొట్టి, ఎండలో పెట్టి, మళ్ళీ కలిపి. కుదిరాక ఆ రేకుని చూస్తూ, "దీన్ని చూస్తుంటే ఒంటిమీద రోమాలు లేస్తున్నాయి బావా" అన్నాడు.

"అదీ రంగంటే!"

"నేను మెచ్చుకోలేదు" అన్నాడు పెయింటరు మెల్లిగా. కానీ వేశాడు. పని విషయంలో వంక పెట్టడానికి వీల్లేని మనిషి. నిచ్చెన లేని ఇనుప చట్రానికి కూడా నిచ్చెన ఉన్నంత శ్రద్ధగా రంగు వేశాడు.

పని పూర్తయిన రోజు అక్షరాలు రాసేవాడు రాలేదు. రంగు ఇంకా పచ్చిగా ఉంది, రెండు రోజులు ఆగితే గట్టిపడుతుంది, అప్పుడు రాయిస్తానన్నాడు బావమరిది. ఫోన్లో భార్య కూడా అదే చెప్పింది. "రాయించాకే తీసుకురండి. మాటిచ్చారు." కానీ మధ్యాహ్నం ఎండ షెడ్డు రేకుల సందుల్లోంచి ఆ బానెట్ మీద పడుతుంటే స్టీరింగన్నకి కాళ్ళు నిలవలేదు. ఇంటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ తెస్తానన్నాడు. టార్పాలిన్ కప్పితే పచ్చి రంగు అంటుకుపోతుందని దాన్ని మడిచి వెనక పడేశాడు.

రోడ్డెక్కగానే ముందున్న వాహనాలు పక్కకి జరిగాయి. ఆయన హారన్ కూడా కొట్టలేదు. బస్సు జరిగింది, లారీ జరిగింది. కూడలిలో ఎర్రదీపం పడి ఉంటే, ట్రాఫిక్ పోలీసు పరిగెత్తుకొచ్చి చేతులు చాపి అటూ ఇటూ బండ్లని ఆపేసి, వెళ్ళమని సైగ చేశాడు. స్టీరింగన్న ఆగి కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇన్నేళ్ళ తర్వాత దారి మళ్ళీ తనకోసం తెరుచుకుంటుంటే గుండె నిండిపోయింది. ఆ పోలీసుకి రెండు వేళ్ళు నుదుటికి తాకించి ముందుకు పోయాడు. పేవ్‌మెంటు మీద ఒక ముసలావిడ చేతిసంచి గుండెకి హత్తుకుని, ఎవరిల్లో ఏమో అన్నట్టు ఆయనకేసి దిగులుగా చూసింది.

పొగ కనబడక ముందే ఆయనకి వాసన తెలిసింది. దూది కాలే వాసన, దానిలో స్పాంజి ఘాటు. రెండు వీధుల అవతల, సందులో పరుపులు కుట్టే కార్ఖానా ఉంది. కింద దూది బేళ్ళ గోదాము, పైన కుట్టే గది. ఆయన నేరుగా ఇంటికి పోవచ్చు. కానీ చేతులు స్టీరింగుని అటు తిప్పేశాయి. వెళ్ళి చేతనైన సాయం చేద్దామనుకున్నాడో, అసలేమీ అనుకోలేదో, తర్వాత ఎంత గుర్తుచేసుకున్నా ఆయనకి తెలియలేదు.

సందు మొదట్లో జనం బారులు తీరి బకెట్లు అందించుకుంటున్నారు. మూల నీళ్ళ కుళాయి నుంచి కార్ఖానా గుమ్మం దాకా ఒక చెయ్యి నుంచి మరో చేతికి. ఎర్రబండి మలుపు తిరగ్గానే ఆ వరసలో ఒక్కసారిగా కేక లేచింది.

"వచ్చేసింది! ఫైరింజనొచ్చేసింది! తప్పుకోండి, తప్పుకోండి!"

బకెట్లు నేల మీదికి దిగిపోయాయి. వరస చెదిరి రెండు వైపులా గోడలకి అతుక్కుపోయింది. కిరాణా కొట్టాయన ఫోను చేతిలో పట్టుకుని నంబరు నొక్కుతున్నవాడు, బండిని చూసి, హమ్మయ్య అనుకుని ఫోను జేబులో వేసుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో బానెట్ మీద ఆప్యాయంగా చరిచారు. పచ్చి రంగులో అరచెయ్యి ముద్ర పడింది.

స్టీరింగన్న కిందికి దూకాడు. "ఇది కాదు! ఇందులో నీళ్ళు లేవు! ఫోన్ చెయ్యండి!"

"పైపు తియ్యండి సార్, పైపు!"

"పైపు లేదయ్యా! ఇది పాత బండి! ఎవరన్నా ఫోన్ చేశారా?"

"చేసే ఉంటారు, మీరొచ్చారుగా!"

ఆయన చెప్పేదొకటి, జనానికి వినబడేదొకటి. ఎర్రబండి దిగిన మనిషి నీళ్ళు లేవంటే ఎవరికి నమ్మబుద్ధి వేస్తుంది? ట్యాంకు ఖాళీగా తెచ్చారని ఒకడు తిట్టాడు. ఇంకొకడు బండి వెనక తలుపు లాగి తెరిచి, లోపల మడిచిన టార్పాలిన్ తప్ప ఏమీ లేకపోవడం చూసి నోరు తెరిచాడు. అంతలో పైనుంచి ఒక పనివాడు రేకు చూరు మీదికి దూకి, దొర్లి, కింద పడ్డాడు. కాలు విరిగిన చప్పుడు అందరికీ వినబడింది. జనమంతా అతని వైపు విరుచుకుపడ్డారు.

బండి దిగగానే ముందు తలెత్తి పై కిటికీలు చూడాలి. అది ఆ ఉద్యోగంలో మొట్టమొదట నేర్పే సంగతి. సర్వీసంతా ఆయన ఒక్కసారి కూడా మరవలేదు. ఆ రోజు చూడలేదు. కిరాణా కొట్టాయన చొక్కా పట్టుకుని జేబులోంచి ఫోను తీయించి స్టేషనుకి చేయించాడు. అది అయ్యాక గానీ, అసలు ఇంజను వస్తే సందులోకి రావడానికి తన బండే అడ్డంగా ఉందని తోచలేదు. వెనక్కి తీయబోతే వెనక జనం. హారన్ కొడితే ఇంకా దగ్గరికి వచ్చారు, ఏదో మొదలవుతోందనుకుని.

ఎలాగో గోడని రాసుకుంటూ బండిని వెనక్కి లాగి, గోనెసంచి నీళ్ళలో ముంచి తలమీద వేసుకుని, ఆయన మెట్ల వైపు పరిగెత్తాడు. మెట్లు నల్లటి పొగతో కూరినట్టున్నాయి. ఇనుప కమ్మీ పట్టుకున్న చేతులు చురుక్కుమన్నాయి. సగం మెట్లు ఎక్కాక ఊపిరాడలేదు. ఎవరో నడుం పట్టుకుని కిందికి లాక్కొచ్చారు. అప్పటికి దూరంగా సైరను వినిపిస్తోంది.

మంటలు ఆరాయి. పై గదిలో కిటికీ పక్కన ఒక మనిషి దొరికాడు. పరుపులు కుట్టడంలో అందెవేసిన చెయ్యి అని పేరున్నవాడు. ఒంటిమీద కాలిన గాయాలు లేవు. పొగే తీసుకుపోయింది.

తర్వాతి రోజుల్లో స్టీరింగన్నని ఎవరూ ఒక్క మాట అనలేదు. అదే ఆయనకి భరించరానిదైంది. అరచేతులకి కట్లు కట్టుకుని వరండాలో కూర్చుంటే, దారినపోయేవాళ్ళు ఆగి పలకరించారు. ఈ వయసులో మంటల్లోకి పరిగెత్తాడని మెచ్చుకున్నారు. పాత బండ్ల సంఘం వాళ్ళు సన్మానం చేస్తామన్నారు. స్టేషన్ ఆఫీసరు వచ్చి మంచం పక్కన కూర్చుని, "సమాచారం ఆలస్యంగా అందిందని నివేదిక రాశానన్నా" అన్నాడు.

"ఎందుకాలస్యమైందో రాశావా?"

ఆఫీసరు ఆ కట్లకేసి చూశాడు. "చేతులు నొప్పిగా ఉన్నాయా?" అని అడిగాడు.

భార్య ఆయనకి అన్నం కలిపి నోట్లో పెట్టేది. నేను చెప్పానా అని ఆమె ఒక్కసారి కూడా అనలేదు. ఆయన నమలడం మధ్యలో ఆపేసి ఎటో చూస్తుంటే, ముద్ద చేత్తో పట్టుకుని అలాగే కాచుకునేది. గోడవార టార్పాలిన్ కింద బండి ఉంది. గాలికి ఆ గుడ్డ లేచినప్పుడల్లా ఇద్దరూ అటు చూసి, వెంటనే చూపు తిప్పుకునేవాళ్ళు.

ఒక సాయంత్రం గేటు దగ్గర నడివయసు స్త్రీ ఒకామె వచ్చి నిలబడింది. బట్టల దుకాణంలో పనిచేసే మనిషిలా మెడలో కొలత టేపు ఇంకా వేలాడుతోంది, తీయడం మరిచిపోయినట్టుంది. చనిపోయిన పరుపుల పనివాడి చెల్లెలినని చెప్పింది. భార్య కుర్చీ వేస్తే కూర్చోలేదు.

"ఆ రోజు మొదట వచ్చింది మీరేనా?" అని అడిగింది.

"నేనేనమ్మా." స్టీరింగన్న లేచి నిలబడ్డాడు.

"కాలు విరిగినాయన్ని ఆస్పత్రిలో చూసొచ్చాను. ఆయనా మా అన్నయ్యా ఒకే కిటికీ దగ్గరున్నారట. ఇద్దరూ దూకేద్దామనుకున్నారట. అన్నయ్య కిటికీ మీద కాలు కూడా పెట్టాడట." ఆమె కొలతలు చదువుతున్నట్టు చెప్పుకుపోయింది. "అప్పుడే మీ బండి సందులోకి తిరిగిందట. అన్నయ్య కాలు లోపలికి తీసేసుకున్నాడట. 'ఇంజనొచ్చిందిరా, నిచ్చెన వేస్తారు, తొందరపడకు' అన్నాడట. కాలు విరిగినాయన ఆగలేక దూకేశాడు. మా అన్నయ్య ముందునించీ నెమ్మదస్తుడు. చెప్పిన చోట నిలబడతాడు."

స్టీరింగన్న కట్లు కట్టిన చేతులు రెండూ ముందుకు చాచి ఉన్నాయి, ఏదో పట్టుకోబోతున్నట్టు.

"మిమ్మల్ని తిట్టడానికి రాలేదు" అందామె. "ఒకసారి బండి చూపిస్తారా?"

భార్య వెళ్ళి టార్పాలిన్ లాగింది. సాయంత్రపు ఎండలో ఆ ఎరుపు భగ్గుమంది. బానెట్ మీద అరచెయ్యి ముద్ర ఆరిపోయి అలాగే ఉంది. ఆమె రోడ్డు అవతలిదాకా నడిచి వెళ్ళి, అక్కణ్ణించి వెనక్కి తిరిగి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత దగ్గరికి వచ్చి,

"బాగా కనిపిస్తోంది. ఎంత దూరం నించైనా" అని, తలూపి వెళ్ళిపోయింది.

ఆ రాత్రంతా ఆయన నిద్రపోలేదని భార్యకి తెలుసు. తెల్లారాక బావమరిదికి ఆమే కబురు చేసింది. పెయింటరు వచ్చి బండిని మళ్ళీ షెడ్డుకి తీసుకెళ్ళాడు. స్టీరింగన్న కూడా వెళ్ళి, కట్లు విప్పీ విప్పని చేతులతో గరుకు కాగితం పట్టుకుని తనే గీకడం మొదలుపెట్టాడు. అరచేతుల్లో కొత్త చర్మం చిట్లి రసి కారుతున్నా వినలేదు. పెయింటరు ఆయన్ని బలవంతంగా స్టూలు మీద కూర్చోబెట్టి కాగితం లాక్కున్నాడు.

"సరే బావా, గీకేస్తాను. పూర్తిగా గీకేస్తాను. ఏ రంగు వెయ్యను?"

"ఎవరికీ ఏమీ అనిపించని రంగు వెయ్యరా."

పెయింటరు డబ్బాలన్నీ వెతికి, బూడిద రంగుకీ మట్టి రంగుకీ మధ్య ఒకటి కలిపాడు. గోడకి వేసినా, గేటుకి వేసినా రెండోసారి ఎవరూ చూడని రంగు. వేశాక బండి ఏదో గోదాములోంచి వచ్చిన పాత వ్యానులా ఉంది. సంఘం కార్యదర్శి ఎలా తెలుసుకున్నాడో ఫోన్ చేసి, చరిత్రని చంపేశారని వాపోయాడు. స్టీరింగన్న చివరిదాకా విని, "అవును" అని పెట్టేశాడు.

బండిని ఇంటికి ఆయనే నడుపుకుని బయల్దేరాడు. బావమరిది వెనక స్కూటరు మీద వస్తున్నాడు. ఈసారి ఎవరూ దారివ్వలేదు. కూడలిలో అందరితో పాటు ఆగాడు. వెనకనించి ఆటో అతను తొందరపెట్టి హారన్ కొట్టాడు, "ఏం తాతా, నిద్రపోతున్నావా?" అని అరిచాడు. స్టీరింగన్నకి ఆ తిట్టు ఎంతో హాయిగా తగిలింది. పక్కబండివాడు తనకేసి చూసి కూడా చూడనట్టే చూపు తిప్పుకోవడం, ముందు బస్సు తనని లెక్కచెయ్యకుండా అడ్డం రావడం, అన్నీ మంచిగానే అనిపించాయి.

సగం దారిలో వెనక సైరను మోగింది.

బండ్లన్నీ పక్కకి జరిగాయి. ఆయన కూడా జరిగి రోడ్డంచున ఆపాడు. పక్క అద్దంలో మొదట చిన్న ఎర్ర చుక్క, తర్వాత ముక్కు, తర్వాత నిండా ఇంజను. అది తనని దాటేటప్పుడు లోపలున్నవాళ్ళు కూడా కనబడ్డారు. స్టేషన్ ఆఫీసరు ముందు సీట్లో కూర్చుని హెల్మెట్ బిగించుకుంటున్నాడు. ఆయన చూపు ఈ బూడిదరంగు బండి మీద పడింది. గుర్తుపట్టలేదు.

దారి మళ్ళీ సర్దుకుంది. బండ్లు కదిలాయి. స్టీరింగన్న తాళం తిప్పబోయాడు. చెయ్యి తిరగలేదు. మళ్ళీ ప్రయత్నించాడు. వేళ్ళు తాళాన్ని పట్టుకున్నాయి గానీ మణికట్టు మాట వినలేదు. అలాగే కూర్చుండిపోయాడు. బావమరిది స్కూటరు ఆపి వచ్చి తలుపు తెరిచి, ఆయన ముఖం చూశాడు. మెల్లిగా పక్కసీట్లోకి జరిపి తను స్టీరింగు పట్టుకున్నాడు.

ఆ తర్వాత ఆయన ఇంకెప్పుడూ ఏ బండీ నడపలేదు. ఆ సాయంత్రం మాత్రం దారి పొడుగునా మెడ చాచి, ఇంజను పోయిన వైపు మేడల పై అంతస్తుల కిటికీలని ఒకటొకటిగా వెతుక్కుంటూ కూర్చున్నాడు.